కప్పు గెలిచిన గంజాయి మందు అవుతుందా?

ఉత్తర కాలిఫోర్నియాలో హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ అనే మూడు కొండ జిల్లాలను కలిపి ఎమరాల్డ్ ట్రయాంగిల్ అంటారు. అక్కడి గంజాయి రైతులు 2003లో ఒక చిన్న పోటీ మొదలుపెట్టారు. ఆరుబయట, ఎండలో, సేంద్రియ పద్ధతిలో పండించిన పూగుత్తులను ఎవరికి వారు తెచ్చి బల్ల మీద పెట్టాలి. రూపం, వాసన, రుచి, ఒంటి మీద, మనసు మీద చూపే ప్రభావం గమనించి న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. దాని పేరు ఎమరాల్డ్ కప్. పదేళ్లు తిరిగేసరికి అది సాంటా రోసా పట్టణంలోని జిల్లా ప్రదర్శన మైదానానికి చేరి, వేలమంది వచ్చే జాతరగా మారింది. మన దగ్గర మామిడి పండ్ల ప్రదర్శనలో రైతు తన చెట్టు కాయను ఎంత మురిపెంగా చూపిస్తాడో, అక్కడ వాళ్లూ అంతే.

ఈ జాతరలో చాలా ఏళ్లపాటు ఒక కంచె ఉండేది. దానిని '215 ఏరియా' అనేవారు. డాక్టరు సిఫారసు కాగితం ఉన్నవాళ్లకే లోపలికి ప్రవేశం. 215 అన్నది ఒక చట్టం సంఖ్య. కాలిఫోర్నియా ఓటర్లు 1996 నవంబరులో నేరుగా ఓటు వేసి ఆమోదించిన ప్రతిపాదన అది. అమెరికాలో గంజాయిని వైద్యం కోసం అనుమతించిన మొదటి రాష్ట్ర చట్టం అదే.

పోటీ, వైద్యం, చట్టం ఒకే మైదానంలో పక్కపక్కన నిలబడిన ఈ దృశ్యంలో మనకూ ఒక పాఠం ఉంది. హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ లాంటి రాష్ట్రాలు గంజాయి సాగు గురించి కొత్తగా ఆలోచిస్తున్నాయి. మన దగ్గర చర్చ ఎప్పుడూ రెండు కొసల దగ్గరే ఆగిపోతుంది. ఒకరు దాన్ని విషం అంటారు, ఇంకొకరు సర్వరోగ నివారిణి అంటారు. ఆ రెండింటి మధ్య అడగవలసిన ప్రశ్నలు వేరు. ఏం కొలిచారు? ఎలా కొలిచారు? ఆ కొలత దేనికి పనికొస్తుంది?

ఓటు ముందు, పరిశోధన తర్వాత

ఒక మందును మామూలుగా ప్రయోగాలు తేల్చాక ప్రభుత్వం అనుమతిస్తుంది. గంజాయి విషయంలో ఈ క్రమం తలకిందులైంది. ఎందుకో తెలియాలంటే 1980ల చివరి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లాలి.

ఎయిడ్స్‌కు సరైన చికిత్స లేని రోజులవి. రోగులు తిండి సహించక, వాంతులతో చిక్కి శల్యమై చనిపోతున్నారు. గంజాయి తాగితే ఆకలి వేస్తోందని, వికారం తగ్గుతోందని వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. మేరీ రాత్‌బన్ అనే పెద్దావిడ గంజాయి కలిపిన కేకులు చేసి ఎయిడ్స్ రోగులకు పంచి, పలుమార్లు అరెస్టయ్యారు. డెన్నిస్ పెరాన్ అనే ఉద్యమకారుడు తన సహచరుడిని 1990లో ఎయిడ్స్‌తో పోగొట్టుకున్నారు. ఆ తర్వాత రోగుల కోసం బహిరంగంగానే ఒక గంజాయి క్లబ్బు నడిపారు. ప్రతిపాదన 215 వెనుక ఉన్న ప్రధాన వ్యక్తుల్లో ఆయన ఒకరు.

మరి శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారు? ప్రయత్నం చేశారు, చేయనివ్వలేదు. 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని మొదటి షెడ్యూలులో పెట్టింది. వైద్య ఉపయోగం లేదని, దుర్వినియోగం ఎక్కువని భావించే పదార్థాల జాబితా అది. పరిశోధనకు కావలసిన గంజాయిని 1968 నుంచి ఒక్క మిసిసిపీ విశ్వవిద్యాలయమే పండించేది. అది ఇవ్వాలో వద్దో ప్రభుత్వ సంస్థలే తేల్చేవి. 1988లో మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థకు చెందిన పాలనా న్యాయమూర్తి ఫ్రాన్సిస్ యంగ్, గంజాయిని ఆ జాబితా నుంచి కిందికి దించాలని సిఫారసు చేశారు. సంస్థ అధిపతి దాన్ని తోసిపుచ్చారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్ రోగులను చూసే డాక్టర్ డొనాల్డ్ ఏబ్రమ్స్ 1990ల మొదట్లో ఒక ప్రయోగం ప్రతిపాదించారు. బరువు కోల్పోతున్న రోగులకు గంజాయి మేలు చేస్తుందా అన్నది ప్రశ్న. ఏళ్ల తరబడి తిరస్కారమే ఎదురైంది. చివరికి ఆయన ప్రశ్ననే మార్చుకోవలసి వచ్చింది. మేలు చేస్తుందా అని కాకుండా, ఎయిడ్స్ మందులతో కలిస్తే హాని చేస్తుందా అని అడిగాక 1997లో అనుమతి దొరికింది. అప్పటికి రాష్ట్రంలో ఓటు అయిపోయింది.

మేలు ఉందా అని అడగడానికి వీల్లేదని, మేలు ఉన్నట్టు రుజువులు లేవు కాబట్టి నిషేధం కొనసాగుతుందని ప్రభుత్వం చెప్పింది. ఇలా తర్కం తన చుట్టూ తానే తిరుగుతుంటే, జనం ఓటుతో దాన్ని తెంచేశారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఓటు ఒక రోగం పేరుకు ఒక మోతాదును జత చేయలేదు. 215 చట్టం క్యాన్సర్, ఎయిడ్స్, గ్లకోమా వంటి కొన్ని పేర్లు చెప్పి, గంజాయితో ఉపశమనం కలిగే మరే ఇతర జబ్బుకైనా అని తలుపు బార్లా తెరిచింది. డాక్టరు చీటీ రాయనక్కరలేదు, నోటిమాటగా సిఫారసు చేసినా చాలు. ఫెడరల్ చట్టం ప్రకారం చీటీ రాస్తే డాక్టరు నేరస్తుడవుతాడు కాబట్టి వేసిన ఎత్తు అది. ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఏ రసాయనం ఎంత పాళ్లలో అన్న ప్రశ్నలు అక్కడే గాల్లో ఉండిపోయాయి.

ఖాళీని పూరించిన పోటీలు

ఆ గాలిలో ఉన్న ప్రశ్నల్లో కొన్నింటిని రైతులు, వాళ్ల పోటీలు పట్టుకున్నాయి. ఈ మాట ఒప్పుకోవాలి.

కాలిఫోర్నియాలో వైద్య గంజాయి 1996లోనే చట్టబద్ధమైనా, అమ్మే సరుకును ప్రయోగశాలలో తప్పనిసరిగా పరీక్షించాలన్న రాష్ట్ర నిబంధన 2018లో గానీ రాలేదు. అంటే 22 ఏళ్లు. ఆ కాలమంతా కీమోథెరపీ తీసుకుంటున్న రోగి పీల్చే గంజాయిలో బూజు ఉందో, పురుగుమందు అవశేషాలు ఉన్నాయో చూడవలసిన బాధ్యత రాష్ట్రం తీసుకోలేదు. రోగనిరోధక శక్తి అడుగంటిన మనిషికి ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాంతకం కావచ్చు. పోటీకి వచ్చే సరుకును భూతద్దం కింద పెట్టి బూజు కోసం వెతకడం, ల్యాబ్‌కు పంపడం, తప్పిన వాటిని పక్కన పెట్టడం పోటీల్లో మెల్లగా అలవాటైంది. ఏ ఎరువు వేశావు, ఏ మందు కొట్టావు అని రైతును నలుగురిలో అడిగే చోటు అది.

రెండో మేలు ఇంకా ముఖ్యమైంది. గంజాయిలో మత్తునిచ్చే ప్రధాన రసాయనం టీహెచ్‌సీ. మత్తు కలిగించని సీబీడీ అనే మరో రసాయనం ఉంది. దశాబ్దాలపాటు మత్తు కోసమే మొక్కలను ఎంచి పెంచడంతో సీబీడీ దాదాపు మాయమైంది. 2008లో ఓక్లండ్ నగరంలో స్టీప్ హిల్ అనే వాణిజ్య ప్రయోగశాల మొదలై రైతుల నమూనాలను పరీక్షించడం ప్రారంభించింది. అలా పరీక్షిస్తూ పోతే, ఎక్కడో ఒకటీ అరా మొక్కల్లో సీబీడీ గణనీయంగా కనబడింది. రైతులు వాటిని కాపాడి పెంచారు. పోటీల్లో సీబీడీ మొక్కలకు వేరే విభాగం ఏర్పడింది. మత్తు ఇవ్వని గంజాయికి కూడా బహుమతి ఉంటుందన్న ఆలోచన అదివరకు ఎవరికీ లేదు.

ప్రభుత్వం చూడనంటే కొలమానం తామే తయారు చేసుకున్న రైతుల చొరవ మెచ్చుకోదగ్గదే. అయితే ఆ కొలమానం దేన్ని కొలుస్తోంది?

ముక్కు చెప్పే నిజం

ఈ ప్రశ్నకు జవాబు ఒక పోటీ నుంచే వచ్చింది. ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో కల్టివేషన్ క్లాసిక్ అనే పోటీ జరిగేది. అక్కడి నిర్వాహకులు పరిశోధకులతో చేయి కలిపారు. న్యాయనిర్ణేతలకు ఏ నమూనా ఏ రైతుదో, అందులో టీహెచ్‌సీ ఎంతో చెప్పకుండా ఇచ్చారు. రెండు వందలకు పైగా మనుషులు ఇంటి దగ్గర వాడి, తమ అనుభవాన్ని నమోదు చేశారు. ఆ ఫలితాలు 2022లో సైకోయాక్టివ్స్ అనే పత్రికలో వచ్చాయి. టీహెచ్‌సీ శాతం ఎక్కువైనంత మాత్రాన అనుభవం బాగుందని ఎవరూ చెప్పలేదు. వాసన నచ్చిన నమూనానే బాగుందని చెప్పారు. పరిశోధకులు ఆ పత్రానికి ముక్కుకు తెలుసు అన్న అర్థంలో పేరు పెట్టారు.

దీనికి తోడు 2020లో జామా సైకియాట్రీలో వచ్చిన కొలరాడో అధ్యయనం ఉంది. తక్కువ, ఎక్కువ టీహెచ్‌సీ ఉన్న సరుకును రెండు బృందాలు వాడాయి. రక్తంలో టీహెచ్‌సీ స్థాయిలో పెద్ద తేడా కనిపించినా, తూలుడు, మతిమరుపు లాంటి తక్షణ లక్షణాల్లో అంత తేడా రాలేదు. అలవాటు పడ్డ వాడకందార్లు ఎంత పీల్చాలో తామే సర్దుకుంటారని దీన్నిబట్టి అనుకోవచ్చు.

కానీ మార్కెట్ మాత్రం శాతం చుట్టూనే తిరుగుతోంది. శాతం ఎక్కువైతే ధర ఎక్కువ, అలమరలో ముందు వరస. అప్పుడు ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని లెక్కలను విశ్లేషించి 2018లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో ప్రచురించిన పత్రం, ప్రయోగశాల మారితే సగటు టీహెచ్‌సీ అంకె ఒక పద్ధతిగా మారిపోతోందని చూపింది. 2023లో ప్లాస్ వన్‌లో వచ్చిన కొలరాడో అధ్యయనంలో, దుకాణాల్లో కొన్న 23 నమూనాల్లో దాదాపు 70 శాతం, లేబుల్ మీది అంకె కంటే 15 శాతానికి మించి తక్కువ తూగాయి. ఎక్కువ అంకె ఇచ్చే ల్యాబ్ దగ్గరికే రైతులు వెళతారు. నిజం చెప్పే ల్యాబ్ మూతపడుతుంది.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మొదటి వారంలోనే నేర్పే మాట ఒకటుంది. పక్కన ఎంత అటూఇటూ ఉండవచ్చో చెప్పని అంకె కొలత కాదు, ప్రకటన. గంజాయి లేబుల్ మీద 28.4 శాతం అని రాస్తారు. ఆ చివరి 4 ఎక్కడిది? పచ్చి పూగుత్తిలో అసలు ఉండేది టీహెచ్‌సీ కాదు, దాని ఆమ్లరూపం. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి టీహెచ్‌సీ మిగులుతుంది. బరువు తగ్గుతుంది కాబట్టి ఆమ్లం లెక్కను 0.877తో గుణించాలి. గ్యాస్ క్రొమాటోగ్రఫీలో నమూనా వేడెక్కుతుంది కాబట్టి ఆ మార్పు పరికరంలోనే జరుగుతుంది. ద్రవ క్రొమాటోగ్రఫీలో జరగదు. తేమ ఎంత ఉందో చెప్పకపోతే శాతానికి అర్థమే లేదు. ఇక నమూనా ఎంపిక సంగతి. పోటీకి రైతు తన తోటలో అన్నిటికన్నా బాగున్న పూగుత్తిని తెస్తాడు. అది సహజం. కానీ దుకాణంలో రోగికి దొరికేది ఆ పూగుత్తి కాదు.

పేర్ల కథ ఇంకోటి. కప్పు గెలిచిన రకం పేరు మర్నాటి నుంచి ఊరంతా మోగుతుంది. 2015లో ప్లాస్ వన్‌లో వచ్చిన జన్యు అధ్యయనం ప్రకారం ఒకే పేరున్న నమూనాలు చాలాసార్లు ఒకదానికొకటి దగ్గరి బంధువులు కూడా కావు. 2021లో నేచర్ ప్లాంట్స్‌లో వచ్చిన మరో పత్రం, సతీవా, ఇండికా అన్న ముద్రలకూ మొక్క మొత్తం జన్యు స్వరూపానికీ పొంతన లేదని, వాసననిచ్చే టెర్పీన్ల తయారీకి సంబంధించిన కొద్ది జన్యువులతోనే ఆ ముద్రలకు సంబంధం ఉందని తేల్చింది. ఇక్కడా ముక్కే నిజం చెప్పింది. ఎమరాల్డ్ కప్ నిర్వాహకులు 2022 నాటికి పాత ముద్రలు పక్కన పెట్టి, టెర్పీన్ల పాళ్లను బట్టి విభాగాలు ఏర్పరచారు. పోటీ వరకు అది నిజాయితీ గల అడుగు. తాము కొలిచేది వాసనను, రుచిని అని చెప్పుకోవడమే.

మందు అనాలంటే

వాసన బాగున్న పూగుత్తి నొప్పి తగ్గిస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే రకం పోటీ కావాలి. ఒక వైపు మందు, ఇంకో వైపు ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మోతాదు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియకూడదు, డాక్టరుకూ తెలియకూడదు.

గంజాయి ఈ పరీక్షలో కొన్నిచోట్ల నెగ్గింది. ఏబ్రమ్స్ బృందం 2007లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో హెచ్‌ఐవీ వల్ల నరాల నొప్పి వచ్చిన 50 మంది పాల్గొన్నారు. గంజాయి తాగినవాళ్లలో 52 శాతం మందికి నొప్పి 30 శాతానికి పైగా తగ్గింది. ప్లాసిబో బృందంలో అలా తగ్గినవాళ్లు 24 శాతం. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి మూడు చోట్ల గట్టి ఆధారం ఉందన్నాయి. పెద్దల్లో దీర్ఘకాలిక నొప్పి, కీమోథెరపీ వల్ల వచ్చే వికారం, మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులు చెప్పుకునే కండరాల బిగుతు. జనం నోట ఉన్న మిగతా చాలా జబ్బులకు ఆధారం బలహీనంగా ఉంది, లేదా లేదు.

ఆ 24 శాతాన్ని మళ్లీ చూడండి. మందు లేని గంజాయి తాగి కూడా నలుగురిలో ఒకరికి నొప్పి బాగా తగ్గింది. 2022లో జామా నెట్‌వర్క్ ఓపెన్‌లో 20 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ, గంజాయి మందుల నొప్పి ప్రయోగాల్లో ప్లాసిబో ప్రభావం చెప్పుకోదగ్గంత ఉందని తేల్చింది. ఫలితం ఎలా ఉన్నా వార్తల్లో మాత్రం ఆ ప్రయోగాలకు సానుకూల ప్రచారమే దక్కిందని కూడా గమనించింది. కప్పు గెలిచిందన్న పేరు, ఆ సువాసన, చుట్టూ ఉన్న మనుషుల నమ్మకం, ఇవన్నీ ప్లాసిబోను పెంచే దినుసులే. అందుకే బహుమతి పొందిన మొక్కను మందుగా నమ్మే ముందు మరింత జాగ్రత్త పడాలి.

సీబీడీ కథ సరైన దారి ఎలా ఉంటుందో చూపింది. కొలరాడోలో షార్లెట్ ఫీగీ అనే చిన్నారికి డ్రావె సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ వ్యాధి ఉండేది. సీబీడీ ఎక్కువున్న నూనెతో ఆమె మూర్ఛలు బాగా తగ్గాయని 2013 ఆగస్టులో సీఎన్ఎన్‌లో డాక్టర్ సంజయ్ గుప్తా చూపించారు. ఆ మరుసటి ఏడాది నుంచే అనేక రాష్ట్రాలు హడావుడిగా సీబీడీ చట్టాలు చేశాయి. ఒక పాప కథ శాసనసభలను కదిలించింది. కానీ అక్కడితో ఆగలేదు. అదే వ్యాధి ఉన్న 120 మందితో ప్రయోగం చేశారు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వచ్చింది. సీబీడీ తీసుకున్నవాళ్లలో నెలకు వచ్చే మూర్ఛల మధ్యస్థ సంఖ్య 12.4 నుంచి 5.9కి తగ్గింది. ప్లాసిబో వాళ్లలో 14.9 నుంచి 14.1 మాత్రమే. నిద్రమత్తు, విరేచనాలు, కాలేయ ఎంజైముల పెరుగుదల లాంటి దుష్ప్రభావాలూ నమోదయ్యాయి. 2018 జూన్‌లో ఎపిడియోలెక్స్ పేరుతో అమెరికాలో అనుమతి దొరికింది. ఎంత మోతాదు, ఎవరికి వద్దు, ఏ పరీక్షలు చేస్తూ ఉండాలి అన్నీ రాసి ఉన్న మందు అది. తల్లిదండ్రుల అనుభవం దారి చూపింది, ప్రయోగం ఆ దారి నిజమని తేల్చింది. రెండూ కావలసినవే.

రాజకీయం చదివిన లెక్కలు

ప్రయోగం కాకుండా పటాలు చూసి చట్టాలు చేస్తే ఏమవుతుందో ఇంకో ఉదాహరణ చెబుతుంది. వైద్య గంజాయి చట్టాలున్న రాష్ట్రాల్లో 1999 నుంచి 2010 మధ్య నల్లమందు జాతి మందుల మరణాలు 24.8 శాతం తక్కువగా ఉన్నాయని 2014లో ఒక పత్రం వచ్చింది. చట్టసభల్లో, ప్రచారాల్లో ఆ అంకె మారుమోగింది. 2019లో వేరే పరిశోధకులు అదే పద్ధతితో 2017 వరకు లెక్కను పొడిగించారు. సంబంధం తలకిందులై, మరణాలు 22.7 శాతం ఎక్కువని వచ్చింది. దాన్ని పట్టుకుని గంజాయి చట్టాలు మనుషులను చంపుతున్నాయి అనడమూ తప్పే. రెండు విషయాలు కలిసి కదిలినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు. మొదటి అంకెను మోసినవాళ్లలో ఎంతమంది రెండో అంకెను మోశారన్నదే రాజకీయం.

వైద్యం అన్న మాట అమెరికాలో చట్టపరమైన కవచంగా కూడా పనిచేసింది. 2005లో సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో, రాష్ట్రం అనుమతించినా ఇంట్లో పెంచుకున్న వైద్య గంజాయి మీద కూడా ఫెడరల్ ప్రభుత్వం చర్య తీసుకోవచ్చని తీర్పునిచ్చింది. 2014 చివరలో కాంగ్రెస్, రాష్ట్రాల వైద్య గంజాయి చట్టాలకు అడ్డుపడేందుకు న్యాయశాఖ డబ్బు ఖర్చు పెట్టరాదని షరతు పెట్టింది. ఆ రక్షణ వైద్యానికి మాత్రమే. అలాంటప్పుడు ప్రతి వాడకాన్నీ వైద్యం అనడం వైపే మొగ్గు ఉంటుంది. పెరాన్ అయితే వాడకమంతా వైద్యమే అని వాదించారు. ఉద్యమానికి ఆ మాట ఉపయోగపడింది. నిజంగా జబ్బుపడ్డ మనిషికి మాత్రం నష్టమే చేసింది. అందరూ రోగులే అయినప్పుడు అసలు రోగికి కావలసిన మోతాదు, నాణ్యత, పర్యవేక్షణ గురించి అడిగేవాళ్లు కరువవుతారు.

పోటీని పుట్టించిన రైతులకైనా మేలు జరిగిందా అంటే, అదీ లేదు. 2016లో కాలిఫోర్నియా ప్రతిపాదన 64తో వినోద వాడకాన్నీ చట్టబద్ధం చేసింది. పెద్ద తోటలకు మొదటి ఐదేళ్లు లైసెన్సులు ఇవ్వబోమన్న మాట చిన్న రైతులకు ధైర్యమిచ్చింది. 2017 నవంబరులో వచ్చిన నిబంధనలు ఒకే సంస్థ ఎన్ని చిన్న లైసెన్సులైనా పోగేసుకునే వీలు కల్పించాయి. ధరలు పడిపోయాయి. ఎమరాల్డ్ ట్రయాంగిల్‌లో ఎందరో సాగు మానేశారు.

ఆసియాలో థాయ్‌లాండ్ ఇదే దారిలో ఇంకా వేగంగా వెళ్లింది. 2019లో వైద్య గంజాయికి చట్టం వచ్చింది. 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచే తీసేశారు. దాన్ని నియంత్రించే చట్టం మాత్రం పార్లమెంటు దాటలేదు. వీధివీధికీ దుకాణాలు వెలిశాక, 2025 జూన్‌లో మళ్లీ డాక్టరు చీటీ ఉండాలన్నారు. వైద్యం పేరుతో తలుపు తీసి, వ్యాపారాన్ని లోపలికి పిలిచి, చివరికి మళ్లీ వైద్యం పేరుతోనే తలుపు వేశారు.

మన చట్టం ఏం కొలుస్తుంది?

మన దేశం ఈ చర్చకు కొత్త కాదు. 1839లో కలకత్తాలో డాక్టర్ విలియం ఓషానెసీ గంజాయిని ముందు జంతువుల మీద, తర్వాత రోగుల మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. వాటిలో మూర్ఛలతో బాధపడిన పసిబిడ్డ కేసు కూడా ఉంది. 1893–94లో భారతీయ గంజాయి విచారణ సంఘం 1,193 మంది సాక్షులను విచారించింది. గంజాయి వల్ల పిచ్చెక్కిందని ఆసుపత్రి రిజిస్టర్లలో రాసిన కేసులను తిరగదోడి, వాటిలో చాలావాటికి ఆధారం లేదని తేల్చింది. మితమైన వాడకానికి నిషేధం అక్కరలేదని, నియంత్రణ, పన్ను చాలని చెప్పింది. ముడి సమాచారాన్నే అనుమానించిన ఆ పద్ధతి ఇవాళ్టికీ ఆదర్శమే.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూగుత్తులను గంజాయి అంటుంది, జిగురును చరస్ అంటుంది. పూగుత్తి లేకుండా ఆకులు, గింజలు మాత్రమే ఉంటే గంజాయి కాదంటుంది. భంగు దుకాణాలు, ఆయుర్వేదంలో విజయ పేరుతో ఆకు మందులు ఈ సందులోంచే వచ్చాయి. శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇది వింతగా ఉంటుంది. చట్టం మొక్కలోని అవయవాన్ని చూస్తోంది గానీ రసాయనాన్ని కాదు. ఆకు నుంచి గాఢమైన సారం తీస్తే టీహెచ్‌సీ ఎంతైనా ఉండవచ్చు. టీహెచ్‌సీ దాదాపు లేని మొక్క పూగుత్తి మాత్రం నేరం. శిక్ష తూకాన్ని బట్టి ఉంటుంది. 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్లు జైలు. ఆ 20 కిలోల్లో మత్తు పదార్థం ఎంతో అడగనక్కరలేదు.

ఈ తూకం భారం ఎవరి మీద పడుతుందో తెలుగువాళ్లకు తెలుసు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మన్యంలో శీలావతి అనే రకం పేరు పోలీసు వార్తల్లో తరచూ వింటాం. అక్కడ ఏ కప్పూ లేదు. పెట్టుబడి పెట్టేది బయటి వ్యాపారి. సాగు చేసేది, మూట మోసేది, దొరికేది ఎక్కువగా గిరిజన యువకులు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసులు వేల ఎకరాల పంటను ధ్వంసం చేశారు. ఒకే మొక్క ఒక కొండ మీద ట్రోఫీ, ఇంకో కొండ మీద ఇరవై ఏళ్ల జైలు. ఈ తేడా రసాయనశాస్త్రంలో లేదు.

మనం మరవకూడని ఇంకో అనుభవం మార్ఫిన్‌ది. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశం మనది. అయినా 1985 చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కుముళ్లు, శిక్షల భయంతో తర్వాతి పదేళ్లలో దేశంలో వైద్య మార్ఫిన్ వాడకం సుమారు 97 శాతం పడిపోయింది. క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లు నొప్పితో అల్లాడుతూ పోయారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్లపాటు పోరాడాక 2014లో చట్టాన్ని సవరించారు. మత్తును ఆపాలని గీసిన గీత రోగి మంచం మీదుగా పోతే ఏమవుతుందో మనకు తెలుసు.

ఇప్పుడు చేయవలసింది

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పదార్థాల జాబితా నుంచి 27–25 ఓట్ల తేడాతో తొలగించింది. ఆ 27లో మన ఓటు ఉంది. ఉత్తరాఖండ్ 2018లోనే టీహెచ్‌సీ 0.3 శాతానికి మించని హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చింది. హిమాచల్ శాసనసభ 2024లో సాగును పరిశీలించిన కమిటీ నివేదికను ఆమోదించింది. జమ్మూలోని సీఎస్ఐఆర్ సంస్థ అనుమతితో మొక్కలు పెంచి పరిశోధిస్తోంది. గాలి మారుతోంది. అందుకే ఇప్పుడే కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి.

మొదటిది, పరిశోధన అనుమతులు సులభం కావాలి. ఎన్‌డీపీఎస్ చట్టం వైద్య, శాస్త్ర అవసరాలను మినహాయించింది. కాగితం మీద ఉన్న ఆ మినహాయింపు ప్రయోగశాల గుమ్మం దాకా రావాలి. దేశంలో కోటి మందికి పైగా మూర్ఛ రోగులు ఉన్నారని అంచనా. వాళ్లలో మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు సీబీడీ ఎంత పనిచేస్తుందో మన ఆసుపత్రులే తేల్చాలి. ఏబ్రమ్స్‌లా మన డాక్టరు ప్రశ్న మార్చుకోవలసిన గతి పట్టకూడదు.

రెండోది, చట్టం రసాయనాన్ని కొలవాలి. ఆకు, పువ్వు అన్న గీత పక్కన టీహెచ్‌సీ, సీబీడీ పాళ్లు చేరాలి. వాటిని కొలిచే ప్రయోగశాలలు అమ్మకందారు జేబు మీద ఆధారపడకూడదు. నమూనాను దుకాణం నుంచి అధికారి తీయాలి, రైతు ఎంచి ఇవ్వకూడదు. విజయ పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే సారాలకూ ఇదే వర్తించాలి.

మూడోది, వైద్యం అన్న మాటను అడ్డుగోడగానో దొడ్డిదారిగానో వాడకూడదు. గంజాయి వాడినందుకు, చిన్న మూట మోసినందుకు ఏళ్ల తరబడి జైలు న్యాయమా అన్నది వేరే చర్చ. అది న్యాయం, సామాజిక విధానం పేరుతోనే నేరుగా జరగాలి. దాన్ని రోగి భుజం మీద పెట్టి నడిపించకూడదు. హాని గురించీ అంతే సూటిగా మాట్లాడాలి. 10 శాతం పైన టీహెచ్‌సీ ఉన్న గంజాయిని రోజూ వాడేవాళ్లలో మతిభ్రమణ రుగ్మత అవకాశం వాడనివాళ్ల కంటే దాదాపు ఐదు రెట్లని 2019లో లాన్సెట్ సైకియాట్రీలో యూరప్, బ్రెజిల్ నగరాల అధ్యయనం చూపింది. అది సంబంధమే, పూర్తి రుజువు కాకపోవచ్చు. అయినా శాతం పెంచుకుంటూ పోయే పోటీకి అది హెచ్చరికే.

ఎమరాల్డ్ కప్ రైతులు తమ మొక్కను ప్రేమించారు, దాచకుండా నలుగురి ముందు పెట్టారు, పరీక్షకు ఒప్పుకున్నారు. ఆ గుణం మనం తీసుకోవచ్చు. కానీ రోగికి కావలసింది గెలిచిన మొక్క కాదు. ఈ నెల సీసాలో ఎంత ఉందో వచ్చే నెల సీసాలోనూ అంతే ఉండే మందు కావాలి, అది పనిచేయకపోతే ఆ మాట నిజాయితీగా చెప్పే వ్యవస్థ కావాలి. వాటికి ఏ కప్పూ రాదు. అయినా చట్టం చేసేవాళ్లు చూడవలసింది వాటివైపే.